మెల్లకన్ను పిల్లల కోసం మీ పత్రికలో జానెడు చోటు

సంపాదకుల వారికి,

నమస్కారం.

గుణుపూర్, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు జరిగే ఉచిత కంటి శిబిరాల వార్తలు మీ జిల్లా పేజీల్లో తరచూ వస్తుంటాయి. ఎంతమందికి శుక్లాలు తీశారు, ఎంతమందికి అద్దాలు పంచారు అన్న లెక్కతో వార్త ముగుస్తుంది. అదే శిబిరానికి అమ్మ చంకనెక్కి వచ్చిన మెల్లకన్ను పిల్ల మాత్రం ఏ లెక్కలోనూ ఉండదు. "చిన్నది కదమ్మా, పెద్దయ్యాక చూద్దాంలే" అనిపించుకుని ఇంటికి వెళ్లిపోతుంది. ఆ మాట వల్ల ఏం పోతుందో రాద్దామనే ఈ ఉత్తరం. చివర్లో మీకొక చిన్న విన్నపం కూడా ఉంది.

మనం మెల్ల అంటాం, ఒడియా వాళ్లు టేరా అంటారు. పేరు ఏదైనా వెక్కిరింపుకే వాడుతారు, లేకపోతే అదృష్టమని మురిసిపోతారు. రెండూ కాని సంగతి ఒకటుంది. రెండు కళ్లు రెండు వైపులకి చూస్తే మెదడుకి రెండు వేర్వేరు బొమ్మలు అందుతాయి. పెద్దవాళ్లకైతే ఒకటికి రెండు కనపడి తల తిరుగుతుంది. పసిమెదడు తెలివైనది, ఒక బొమ్మని పక్కన పడేస్తుంది. అలా పక్కన పడేసిన కన్ను పైకి ఏ జబ్బూ లేకుండానే చూపు నేర్చుకోవడం మానేస్తుంది. దాన్నే లేజీ ఐ అనీ, బద్ధకపు కన్ను అనీ అంటారు. ఏడెనిమిదేళ్ల లోపు దాన్ని దారిలో పెట్టడం తేలిక. ఆ తరవాత కూడా కొందరికి మెరుగవుతుంది కానీ ఏడాది ఏడాదికీ కష్టం పెరుగుతుంది. పెళ్లీడుకి ఆపరేషన్ చేయిస్తే కన్ను సూటిగా నిలబడుతుంది, పోయిన చూపు మాత్రం రాదు. "పెద్దయ్యాక" అన్న మాటలో పోయేది ఈ చూపే.

పుట్టిన మూడు నాలుగు నెలల వరకు కళ్లు అప్పుడప్పుడూ అటూ ఇటూ తప్పడం మామూలే. నాలుగు నెలలు దాటాక కూడా తప్పుతుంటే చూపించాలి. కొందరు పసిపిల్లలకి ముక్కు దూలం వెడల్పుగా ఉండి, కంటి లోపలి మూల చర్మం మడతలో దాగి, తెల్లగుడ్డు ఒక పక్క తక్కువ కనపడుతుంది. చూస్తే మెల్లలాగే ఉంటుంది, మెల్ల కాదు. తేడా ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. మూర కంటే కాస్త తక్కువ దూరంలో చిన్న టార్చి పట్టుకుని, పిల్ల దాన్నే చూస్తున్నప్పుడు కనుపాపలో మెరిసే చుక్క ఎక్కడుందో గమనించండి. రెండు కళ్లలోనూ ఒకేచోట ఉంటే చాలావరకు భయం లేదు. ఒక కంట్లో మధ్యలో ఉండి, రెండో కంట్లో చెవి వైపుకి జరిగితే ఆ కన్ను లోపలికి తిరిగినట్టు. ముక్కు వైపుకి జరిగితే బయటికి తిరిగినట్టు. చుక్క ఒక్క మిల్లీమీటరు జరిగితే కన్ను సుమారు 7 డిగ్రీలు తిరిగిందని లెక్క. ఎదురుగా ఫ్లాష్ వేసి తీసిన పాత ఫొటోల్లోనూ ఈ చుక్క దొరుకుతుంది. ఎప్పటి నుంచి తేడా ఉందో డాక్టరుకి చెప్పడానికి అవి బాగా పనికొస్తాయి, ఫోన్లోంచి చెరిపేయకండి.

టార్చికి దొరకని మెల్ల కూడా ఉంది. దగ్గర చూసేటప్పుడు కళ్లు సూటిగానే ఉంటాయి, అలసిపోయినప్పుడో, జ్వరంలోనో, దూరాన చూసినప్పుడో ఒక కన్ను బయటికి జారుతుంది. ఇలాంటి పిల్లలు ఎండలోకి రాగానే ఒక కన్ను మూసుకుంటారు. ఆ అలవాటుని అల్లరి కింద కొట్టిపారేస్తారు కానీ, డాక్టరుకి చెప్పాల్సిన మొదటి మాట అదే. మెడ ఒక పక్కకి వాల్చి చూసే పిల్లలకి మెడ పట్టిందని నూనె రాస్తుంటారు. చాలాసార్లు తప్పు మెడది కాదు, కంటి కండరానిది. ఒక కన్ను మూస్తే మెడ నిటారుగా వస్తుందేమో చూడండి.

ఇక కనుపాపలో తెల్లటి మెరుపు కనిపిస్తే మాత్రం ఒక్క వారం కూడా ఆగొద్దు. పసిపిల్లల శుక్లం కావచ్చు, కంటి వెనక తెర (రెటీనా) మీద కంతి కావచ్చు. ఆ కంతి కొన్నిసార్లు మొదట మెల్లకన్నుగానే బయటపడుతుంది. మెల్ల ఉన్న ప్రతి బిడ్డకీ కంటి వెనక భాగం ఒక్కసారైనా చూడాలని డాక్టర్లు పట్టుబట్టేది ఇందుకే.

ఆస్పత్రిలో మొదట జరిగేది మందు వేసి పవర్ చూడటం. పిల్లల కంటి లోపలి కండరం ఎప్పుడూ బిగిసే ఉంటుంది, దాన్ని సడలించకుండా మిషను మీద తీసిన పవర్ నమ్మలేం. ఎక్కువగా అట్రోపిన్ ఒక శాతం ఆయింట్‌మెంట్ ఇచ్చి, పరీక్షకి ముందు మూడు రోజులు ఇంట్లో వేయమంటారు. బియ్యపు గింజంత చాలు. కింది రెప్ప లాగి లోపల వేసి, ముక్కు పక్క మూలని ఒక నిమిషం నొక్కిపట్టాలి, మందు గొంతులోకి దిగకుండా. వేసిన వాళ్లు చేతులు కడుక్కోవాలి. ట్యూబు పిల్లలకి అందనిచోట పెట్టాలి, అది మింగితే విషం. మొహం ఎర్రబడి, ఒళ్లు కాలి, నోరు ఎండితే ఆపేసి అడగండి. కనుపాప పెద్దదిగా ఉండటం, వెలుతురు చూడలేకపోవడం, పుస్తకం మసకగా ఉండటం పది పదిహేను రోజుల దాకా ఉండొచ్చు. అది ముందే తెలియకపోతే మందు పడి చూపు పోయిందని హడలిపోతారు. పరీక్షల రోజులు చూసుకుని వెళ్లడం మేలు.

రెండు నుంచి నాలుగేళ్ల మధ్య కొత్తగా లోపలికి తిరిగే కళ్లలో చాలావాటికి కారణం ప్లస్ పవర్. దగ్గరది చూడటానికి కన్ను అతిగా బిగుసుకుని, ఆ బిగువుతోపాటు లోపలికి లాగుకుంటుంది. పూర్తి ప్లస్ అద్దం పెడితే ఆ బిగువు అక్కర్లేక కన్ను తనంతట తను సూటిగా వస్తుంది. అంటే కొందరికి అద్దమే వైద్యం, కత్తి అవసరమే రాదు. ఇక్కడే రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. ఒకటి అద్దాల షాపులో. "ఇంత చిన్నపిల్లకి ఇంత పవరా" అని దయతలచి తగ్గించి కోసేస్తారు. తగ్గిస్తే కన్ను మళ్లీ లాగుతుంది. రాసిన చీటీలో ఎంత ఉంటే అంతా పడాలి. రెండోది ఇంట్లో. అద్దం తీయగానే కన్ను మునుపటికంటే ఎక్కువ తిరిగినట్టు అనిపిస్తుంది, "అద్దాలే పాడుచేశాయి" అని అటక మీద పడేస్తారు. పాడుచేయలేదు. అద్దం ఉన్నంతసేపూ సూటిగా ఉన్న కన్నుకీ, తీసిన తరవాతి కన్నుకీ తేడా ఇప్పుడు తెలుస్తోంది, అంతే. మొదటి మూడు నాలుగు వారాలు పిల్ల మసగ్గా ఉందంటుంది, అద్దం పైనుంచి చూస్తుంది. ఓపిక పట్టాలి. నిద్ర లేచిన దగ్గర నుంచి పడుకునే దాకా పెట్టాలి, స్నానానికి తప్ప.

ఫ్రేము ముక్కు మీద జారితే పిల్ల చూసేది అద్దంలోంచి కాదు, అద్దం మీదుగా. ప్లాస్టిక్ ఫ్రేము, వెనక సాగే పట్టీ, పగలని పాలీకార్బొనేట్ అద్దం అడగండి. అద్దం మధ్య బిందువు కనుపాపకి ఎదురుగా రావాలి. దూరానికి సూటిగా ఉండి దగ్గర చూస్తేనే లోపలికి తిరిగే పిల్లలకి బైఫోకల్, అంటే కింద దగ్గరచూపు ముక్క ఉన్న అద్దం, రాస్తారు. షాపువాళ్లకి పెద్దవాళ్ల బైఫోకల్ అలవాటు, కింది ముక్కని బుగ్గ దగ్గర పెడతారు. పిల్లకి అది ఉన్నా లేనట్టే, దాని జోలికే పోదు. కింది ముక్క పై గీత సరిగ్గా కనుపాప మధ్యలోంచి పోవాలి. ఈ ఒక్క వాక్యం చీటీ వెనక రాయించుకుని షాపులో చూపిస్తే డబ్బు దండగ కాదు.

అద్దాలతో కొన్ని వారాలు చూశాక కూడా ఒక కంటి చూపు వెనకబడి ఉంటే పట్టీ కట్టమంటారు. ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. మెల్ల ఉన్న కన్నుకి కట్టేస్తారు! కట్టాల్సింది బాగున్న కన్నుకి. బాగున్నది మూస్తేనే బద్ధకపు కన్ను పనిలోకి దిగుతుంది. ఏ కన్నో చీటీ మీద 'కుడి', 'ఎడమ' అని కాకుండా బొమ్మ గీయించుకుంటే మంచిది. ఎదురుగా నిలబడి చూసే అమ్మకి పిల్ల కుడి తన ఎడమ అవుతుంది. రోజుకి ఎన్ని గంటలన్నది చూపుని బట్టి ఉంటుంది. ఓ మోస్తరు మాంద్యానికి 2 గంటలు, ఎక్కువైతే 6 గంటలు అన్నది ఇప్పుడు చాలాచోట్ల పాటించే లెక్క. 2 గంటలన్నారు కదా, రోజంతా కడితే త్వరగా తగ్గుతుందని కట్టకూడదు. మంచి కన్ను మందగించే ప్రమాదం ఉంది. రోజంతా కట్టమని డాక్టరే రాస్తే, పిల్ల వయసు ఎన్నేళ్లో అన్ని వారాలకి తిరిగి చూపించాలన్నది పాత సూత్రం: రెండేళ్ల బిడ్డకి రెండు వారాలు, నాలుగేళ్ల బిడ్డకి నాలుగు. గంటల పట్టీకైతే ఆరు నుంచి పన్నెండు వారాలు.

పట్టీ చర్మానికి అంటుకోవాలి. అద్దం మీద కాగితం అతికిస్తే పక్కనుంచి తొంగి చూస్తారు, పిల్లలు మనకంటే ఘనులు. మన ఎండకి, ఉక్కకి రెప్ప చుట్టూ దద్దుర్లు వస్తాయి. తీసేటప్పుడు చుర్రున లాగకుండా కొబ్బరినూనె అద్దిన దూదితో తడిపి తీయండి, రోజూ పట్టీ ఏటవాలు మార్చండి. మెత్తటి దూది గుడ్డ కన్ను మీద పెట్టి, దానిపైన కాగితపు టేపు మూడు నాలుగు వరసలు, వెలుతురు కూడా రాకుండా, ఇంట్లోనే చేసుకోవచ్చు. అసలు పట్టనివ్వని పిల్లలకి బాగున్న కంట్లో అట్రోపిన్ వేసి దాన్ని మసకబరిచే పద్ధతి ఉంది, డాక్టర్ని అడగండి. పట్టీ ఉన్నప్పుడు చెరువు, సైకిలు, రోడ్డు వద్దు, ఆ గంటల్లో పిల్లకి ఉన్నది మందమైన కన్నే. కూర్చోబెట్టి చేసే పనులు ఇవ్వండి: బియ్యంలో రాళ్లు ఏరడం, పూలు గుచ్చడం, చింతపిక్కలు లెక్కపెట్టడం, రంగులు నింపడం. చూపు వచ్చింది కదా అని హఠాత్తుగా ఆపితే ఏడాదిలోపు కొందరికి మళ్లీ వెనక్కి పోతుంది. గంటలు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి, కాలెండరులో టిక్కులు పెట్టుకుంటూ.

ఇంతకీ మనవైపు వైద్యం తెగిపోయేది ఎక్కడంటే, ఈ ఆరు వారాలకోసారి తిరగడంలో. ఆపరేషన్‌కైతే గుణుపూర్ పాసెంజరెక్కి విశాఖ పోతారు, బరంపురమో భువనేశ్వరో పోతారు. అప్పోసప్పో చేసి ఒకసారి వెళ్లి రాగలరు. చూపు కొలిపించుకోవడానికి ఏడాదికి ఆరు ఏడుసార్లు, ఇద్దరి ఛార్జీలూ రెండు రోజుల కూలీ పోగొట్టుకుని వెళ్లేవాళ్లు తక్కువ. కొలవడమే కదా కావలసింది, దానికి పెద్దాస్పత్రి అక్కర్లేదు. జిల్లా ఆస్పత్రిలోనో, బ్లాకు స్థాయి సామాజిక ఆరోగ్య కేంద్రంలోనో నెలకి ఒక నిర్ణీత రోజున ఈ పిల్లల చూపు కొలిచి, పెద్దాస్పత్రి కార్డు మీదే రాసిస్తే చాలు, సగం ప్రయాణాలు తప్పుతాయి. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు, బడులకి ఒకసారి రావాలి. వచ్చినప్పుడు బరువు, ఎత్తుతోపాటు ఒక్కో కన్నూ విడిగా మూసి చూపు కొలవమని పంచాయతీల్లో అడగాలి. రెండు కళ్లూ తెరిచి కొలిస్తే ఒక కన్ను గుడ్డిదైనా బయటపడదు.

సరిహద్దు పిల్లలకి ఇంకో చిక్కుంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో ఒడియా చదివే పిల్లని విశాఖలో తెలుగు అక్షరాల బోర్డు ముందు కూర్చోబెడితే తడబడుతుంది. అది చూపు లేక కాదు, అక్షరం రాక. సిగ్గుతో చెప్పదు కూడా. ఆ తడబాటు కార్డు మీద మందదృష్టిగా ఎక్కితే పట్టీ గంటలు తప్పుగా పడతాయి. కూర్చోగానే "మా పిల్ల ఒడియా చదువుతుంది, 'E' బోర్డు పెట్టండి" అని చెప్పండి. ఇంగ్లీషు 'E' అక్షరం నాలుగు దిక్కులకీ తిప్పి ఉండే ఆ బోర్డు ప్రతి కంటి ఆస్పత్రిలోనూ ఉంటుంది, కాళ్లు ఎటు ఉన్నాయో చేత్తో చూపిస్తే సరి. ఇంటికిచ్చే సూచనల కాగితం కూడా చదివేవాళ్ల లిపిలో అడగండి.

ఆపరేషన్ గురించి ఉన్న భయాల్లో పెద్దది, గుడ్డు బయటికి తీసి మళ్లీ పెడతారని. అలాంటిదేమీ లేదు. ప్రతి కంటికీ తిప్పే కండరాలు ఆరు. వాటిలో బిగుతుగా ఉన్నదాన్ని తెల్లగుడ్డు మీద నాలుగైదు మిల్లీమీటర్లు వెనక్కి జరిపి కుడతారు, లేదా వదులుగా ఉన్నదాన్ని కొంచెం కత్తిరించి బిగిస్తారు. దారం దానంతట అదే కరిగిపోతుంది. పిల్లలకి పూర్తి మత్తు ఇస్తారు. ఆరు గంటల ముందు నుంచి అన్నం, పాలు ఉండకూడదు, తల్లిపాలైతే నాలుగు గంటలు. దగ్గు, జలుబు ఉంటే మత్తు డాక్టరు వాయిదా వేస్తారు. అంతదూరం పోయి తిరిగి రావడం కంటే బయల్దేరే ముందే ఫోన్ చేసి అడగడం నయం. మన జిల్లాల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఉన్న కుటుంబాలు తక్కువేం కాదు. పరీక్ష చేయించి కార్డు ఉంటే తీసుకెళ్లండి, మత్తిచ్చే ముందు తెలియాల్సిన విషయం అది. ఆరు నెలల్లోపే కళ్లు బాగా లోపలికి తిరిగిన బిడ్డకి రెండేళ్లలోపు చేయించడం మంచిదంటారు. మిగతావాళ్లకి ముందు చూపు సమం చేసి తరవాత చేస్తారు. ఆపరేషన్ తర్వాత రెండు మూడు వారాలు ఎర్రగా ఉంటుంది, చెరువు స్నానం నెల రోజులు మానాలి. కొందరికి రెండోసారి చేయాల్సి వస్తుంది, అది డాక్టరు తప్పనే అనుకోనక్కర్లేదు. కళ్లద్దాలు అవసరమైనవాళ్లకి ఆపరేషన్ తర్వాతా అద్దాలు ఉంటాయి.

పెళ్లి చూపులు కుదిరాక హడావుడిగా వచ్చేవాళ్లకి ఒక మాట: కనీసం మూడు నెలల ముందు రండి. ఏ వయసులోనైనా కన్ను సూటిగా నిలపవచ్చు, అందులో సిగ్గుపడాల్సింది లేదు.

పెద్దవాళ్లకి హఠాత్తుగా ఒకటికి రెండు కనిపిస్తే అది వేరే కథ. ఒక కన్ను మూస్తే ఒకటే కనిపిస్తోందంటే కళ్ల వరస తప్పినట్టు. షుగరు, బీపీ ఉన్నవాళ్లలో కంటి నరం ఇలా దెబ్బతిని మూడు నెలల్లో చాలావరకు కోలుకుంటుంది. దాంతోపాటు రెప్ప వాలి, కనుపాప పెద్దదై, తలపోటు ఉంటే ఆ గంటలోనే పెద్దాస్పత్రికి వెళ్లాలి. నేల మీద పడుకుని తెల్లారి లేచేసరికి రెప్పలు వాలిపోయి రెండు రెండుగా కనిపిస్తే, కాటు గుర్తు కనపడకపోయినా కట్లపామే అనుకుని పరుగెత్తండి. కంటి డాక్టరు దగ్గరికి కాదు, పాము విషానికి మందున్న ఆస్పత్రికి.

డబ్బు సంగతి. ఆంధ్రలోని ఎన్టీఆర్ వైద్య సేవ ఒడిశా రేషన్ కార్డుకి వర్తించదు, విశాఖ వెళ్లి కౌంటరు దగ్గర తెలుసుకోవద్దు. ఒడిశాలో 2025 నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి నడుస్తున్నాయి. ఆయుష్మాన్ జాబితాలో మెల్లకన్ను ఆపరేషన్ ఉంది. ఏ ఆస్పత్రిలో ఆ కార్డుతో చేస్తారో ముందే అడిగి వెళ్లండి.

ఇక మా విన్నపం. మీ ఆదివారం పేజీలో ఒక్కసారి, జానెడు చోటులో, ఇంగ్లీషు 'E' గుర్తుని సరైన కొలతతో అచ్చు వేయండి. ఎత్తు, వెడల్పు పదిహేడున్నర మిల్లీమీటర్లు, ఒక్కో గీత మందం, గీతల మధ్య ఖాళీ మూడున్నర మిల్లీమీటర్లు, మెరుపులేని తెల్ల కాగితం మీద నల్ల సిరా. దాన్ని కత్తిరించి అట్టకి అతికించి, 6 మీటర్ల దూరంలో, అంటే సుమారు 20 అడుగుల్లో, పగటి వెలుతురులో పట్టుకోవాలి. పిల్ల ఒక కంటిని అరచేత్తో నొక్కకుండా మూసుకోవాలి, వేళ్లతో కాదు, సందులోంచి చూస్తారు. అట్టని నాలుగుసార్లు నాలుగు దిక్కులకి తిప్పితే కనీసం మూడుసార్లు కాళ్లు ఎటో సరిగ్గా చూపించాలి. తరవాత రెండో కన్ను. ఏ కంటికైనా తప్పితే డాక్టరుకి చూపించాలి. మూడేళ్లు నిండిన పిల్లలకి ఒకరోజు ఆటలా నేర్పితే చాలు. తెలుగు చదివేవాళ్లకీ, ఒడియా చదివేవాళ్లకీ, అసలు బడికే పోని పిల్లలకీ అదే గుర్తు. పేజీని ఫోన్లో ఫొటోగా చూసి పరీక్ష చేయొద్దని కింద ఒక ముక్క కూడా వేయండి, తెర మీద కొలత మారిపోతుంది.

ఇట్లు,
పిల్లల చూపు పరీక్షలు చేసే కొందరు,
గుణుపూర్, రాయగడ జిల్లా, ఒడిశా